నెల చూడకుండా టికెట్ కొన్నాను: నెక్స్ట్ ఫారిన్ ట్రిప్‌కి ట్రాపికల్ దేశాన్ని ఎలా ఎంచుకోవాలి?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, ఫస్ట్ టైం ఫారిన్ వెళ్దాం అనుకుంటున్నాం. థాయిలాండా, వియత్నామా, బాలీనా, శ్రీలంకనా? ఒక్కటి చెప్పు అన్నా, బుక్ చేసేస్తాం."

ఒక్కటి చెప్పమంటే నేను చెప్పలేను. ఏ నెలలో వెళ్తున్నారు, ఎవరితో వెళ్తున్నారు, చేతిలో ఎంత ఉంది, ఈ మూడూ తెలియకుండా దేశం పేరు చెప్పేవాడు మీకు ప్యాకేజీ అమ్ముతున్నాడని అర్థం. ఈ రోజు నేను దేశం పేరు కాదు, దేశాన్ని ఎంచుకునే పద్ధతి చెప్తాను. ఆ పద్ధతి నాకు పుస్తకంలో దొరకలేదు. మా అమ్మానాన్నల మొదటి ఫారిన్ ట్రిప్ పాడుచేసి నేర్చుకున్నాను. ముందు అది చెప్పేస్తాను.

నేను రాసిన బగ్

ఉద్యోగం మానేసే ముందు నాకు చివరి బోనస్ వచ్చింది. మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. జీవితమంతా జనాన్ని ఊళ్లు చేర్చాడు కానీ ఆయన మాత్రం విమానం ఎక్కలేదు. అమ్మయితే తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. సరే, ఈ డబ్బుతో ఇద్దరినీ తీసుకెళ్దాం అనుకున్నా. దసరా సెలవుల్లో చెల్లి ఇంటి దగ్గర ఉంటుంది, కాబట్టి అక్టోబర్. ఫోన్‌లో వెతికితే వియత్నాంలో డా నాంగ్‌కి టికెట్లు బాగా తక్కువలో కనిపించాయి. రీల్స్‌లో ఆ రెండు పెద్ద రాతి చేతులు పట్టుకున్నట్టుండే గోల్డెన్ బ్రిడ్జ్ చూశాను. హోయ్ అన్‌లో లాంతర్ల వీధి చూశాను. ఇంకేం, పది నిమిషాల్లో పేమెంట్ కొట్టేశాను.

టికెట్ ఎందుకు అంత తక్కువ అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఐదు రోజులు వాన. ఆగి ఆగి పడే వాన కాదు, పొద్దున లేస్తే వాన, పడుకునేటప్పుడు వాన. బీచ్‌లో ఎర్ర జెండాలు పెట్టి ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వలేదు. బానా హిల్స్ మీదికి కేబుల్ కార్‌లో వెళ్ళాం. పైన మొత్తం మంచు. గోల్డెన్ బ్రిడ్జ్ మీద నిలబడితే ఆ చేతులు సంగతి అటుంచి మా చేతులే మాకు సరిగ్గా కనపడట్లేదు. హోయ్ అన్‌లో పక్కనే ఉన్న నది వీధిలోకి వచ్చేసింది. లాంతర్ల కింద నడుద్దామనుకున్న చోట జనం పడవలో వెళ్తున్నారు.

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. హోటల్ రూంలో కూర్చుని ఫోన్‌లో సీరియల్ చూసుకుంది. మూడో రోజు మాత్రం, "వాన చూడ్డానికి ఇంత దూరం రావాలా నాయనా, మన ఖమ్మంలో పడదా?" అంది. నవ్వుతూనే అంది. నాన్న కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కింద రోడ్డు మీద బస్సులు చూస్తూ గడిపాడు. "వీళ్ళు కుడిపక్క నడుపుతార్రా" అని మొదటి రోజు ఆశ్చర్యపోయాడు. నాలుగో రోజుకి అదీ అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో నా వైపు చూడకుండానే అన్నాడు: "రూట్ చూడకుండా బండి తీసినావురా."

అంతే. ఆ ఒక్క వాక్యం మీదే ఈ ఎపిసోడ్ మొత్తం.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇందులో డా నాంగ్ తప్పేమీ లేదు. అదే ఊరికి ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళు ఎండలో సముద్రం చూసి మురిసిపోతారు. దేశం కరెక్టే, నెల రాంగ్.

ట్రాపికల్ అంటే ఏంటి?

భూమి మీద కర్కాటక రేఖకి, మకర రేఖకి మధ్య ఉన్న పట్టీని ట్రాపిక్స్ అంటాం. భూమధ్యరేఖకి పైన 23.5 డిగ్రీలు, కింద 23.5 డిగ్రీలు. హైదరాబాద్ 17 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మనం పుట్టిందే ట్రాపిక్స్‌లో. "ట్రాపికల్ హాలిడే" అని యూరప్ వాళ్ళు చలి తప్పించుకోడానికి వెళ్తారు. మనకి ఎండ కొత్త కాదు, కొబ్బరిచెట్టు అంతకన్నా కొత్త కాదు. మనం వెళ్ళేది శుభ్రమైన సముద్రం కోసం, కొత్త తిండి కోసం, కొండల్లో రైలు కోసం, ఇంకో దేశం చూశామన్న సంతోషం కోసం. అది గుర్తుంటే ఎంపిక సగం తేలికవుతుంది.

ఈ పట్టీలో మన దగ్గరున్నంత చలికాలం కూడా చాలాచోట్ల ఉండదు. ఉన్నవి ప్రధానంగా రెండే కాలాలు: వాన కాలం, వాన లేని కాలం. ఆ వాన పట్టీ సూర్యుడి వెనకాలే తిరుగుతుంది. మన ఎండాకాలం, ఆ తర్వాతి నెలల్లో ఉత్తరానికి వస్తుంది. మన చలికాలంలో భూమధ్యరేఖ దాటి దక్షిణానికి పోతుంది. అందుకే బాలీ మనకి ఉల్టా. అది భూమధ్యరేఖకి కింద 8 డిగ్రీల్లో ఉంది. జూన్, జులైలో మనం గొడుగులు తీసేసరికి అక్కడ ఆకాశం క్లియర్. మనకి సంక్రాంతి ముగ్గులేసే పొడి వాతావరణం ఉన్నప్పుడు అక్కడ జోరు వాన.

ఇంకో ముక్క కూడా ఉంది. నేను దెబ్బతిన్నది దాని దగ్గరే. అదే గాలి దిశ.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి నైరుతి నుంచి వస్తుంది. అప్పుడు పడమర వైపు తీరాలు తడుస్తాయి. మనకి కేరళ, గోవా ఎలాగో థాయిలాండ్‌కి ఫుకెట్, క్రాబీ అలాగ. అక్టోబర్ నుంచి గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వస్తుంది. సముద్రం మీద నీళ్ళు తాగి తూర్పు తీరాల మీద కక్కేస్తుంది. నెల్లూరు వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. ట్రిప్ నుంచి వచ్చాక మా నెల్లూరు పిన్నికి ఫోన్‌లో నా గోడు చెప్పుకుంటే, "అక్టోబర్ అంటే మాకూ వానలేగా, సముద్రం తూర్పున ఉన్న ఊరికి ఆ నెలలో ఎవరైనా పోతారా?" అంది. బీటెక్ చదివిన నాకు తట్టనిది ఆవిడకి ఒక్క సెకనులో తట్టింది. మ్యాప్ తీసి చూడండి. బాపట్ల, డా నాంగ్ రెండూ దాదాపు 16 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. రెండూ తూర్పు తీరమే. వెనకాల కొండలు ఉండటంతో డా నాంగ్ వైపు ఆ వాన ఇంకా గట్టిగా పడుతుంది.

ఒక థంబ్ రూల్ రాసుకోండి. మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో, భూమధ్యరేఖకి పైనున్న చోట్ల: పడమటి తీరమైతే మే నుంచి అక్టోబర్ దాకా జాగ్రత్త. తూర్పు తీరమైతే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా జాగ్రత్త. భూమధ్యరేఖకి కిందున్న బాలీ, మారిషస్‌లకైతే మన చలికాలమే వాళ్ళ వాన కాలం. ఇది రూల్ మాత్రమే, గ్యారంటీ కాదు. కానీ రీల్ చూసి బుక్ చేయడం కన్నా వెయ్యి రెట్లు నయం.

మన సెలవుల క్యాలెండర్‌కి కలిపి చూద్దాం

కోడ్ రాసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, క్వెరీలో మొదటి కండిషన్ నెల. దేశం కాదు. మనకి సెలవులు దొరికేది నాలుగైదు సమయాల్లోనే కాబట్టి అవే పెట్టి చూద్దాం.

సంక్రాంతి, అంటే జనవరి, దాని పక్కన ఫిబ్రవరి. ఫుకెట్, క్రాబీ బాగుంటాయి. శ్రీలంకలో గాలె, మిరిస్సా ఉన్న నైరుతి తీరం బాగుంటుంది. దక్షిణ వియత్నాంలో హో చి మిన్ సిటీ, ఫు క్వాక్ దీవి పొడిగా ఉంటాయి. ఉత్తరాన హనోయ్‌లో మాత్రం చలి ఉంటుంది, స్వెట్టర్ కావాలి. బాలీ వద్దు. ఇంకోటి, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వియత్నాం వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ వస్తుంది. ఆ వారం చాలా షాపులు మూసేస్తారు, రైళ్ళు, బస్సులు నిండిపోతాయి. తేదీ చూసుకుని వెళ్ళండి.

మార్చి. థాయిలాండ్ ఇంకా ఓకే, శ్రీలంక నైరుతి వైపు ఓకే. బాలీకి వెళ్తే ఒక చిన్న విషయం. అక్కడ న్యేపీ అని వాళ్ళ శక సంవత్సరాది ఉంటుంది. చాలాసార్లు మన ఉగాది చుట్టుపక్కలే వస్తుంది. ఆ ఒక్క రోజు బాలీ ఎయిర్‌పోర్ట్ సహా మొత్తం మూసేస్తారు. టూరిస్టులు కూడా హోటల్ దాటి బయటకి రాకూడదు. దాని ముందు రోజు సాయంత్రం ఊరేగింపు మాత్రం అద్భుతంగా ఉంటుందంటారు. తెలిసి వెళ్తే అనుభవం, తెలియక వెళ్తే మిస్సయిన ఫ్లైట్.

ఏప్రిల్, మే. పిల్లలకి ఎండాకాలం సెలవులు. డా నాంగ్‌కి ఇది మంచి టైం. బాలీలో వానలు తగ్గి పొడి కాలం మొదలవుతుంది. థాయిలాండ్‌లో ఎండ మన ఎండలాగే ఉంటుంది, ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సొంగ్‌క్రాన్ నీళ్ళ పండగ. కుర్రాళ్ళకి మజా, పెద్దవాళ్ళకి కష్టం.

జూన్ నుంచి ఆగస్ట్. బాలీకి బెస్ట్. శ్రీలంకకి వెళ్ళాలంటే ఈసారి తూర్పు వైపు, అంటే ట్రింకోమలీ, అరుగం బే. థాయిలాండ్‌లో ఫుకెట్ బదులు గల్ఫ్ వైపున్న కో సముయ్. చూశారా, ఒకే దేశంలో రెండు సీజన్లు. "జులైలో శ్రీలంక బాగుంటుందా?" అంటే జవాబు "ఏ పక్క?"

దసరా, అంటే సెప్టెంబర్ చివర, అక్టోబర్. నా నెల. బాలీ ఇంకా బాగానే ఉంటుంది. మారిషస్ చాలా బాగుంటుంది. డా నాంగ్, హోయ్ అన్, హ్యూ మాత్రం వద్దు. ఫుకెట్ వైపు సముద్రం ఇంకా శాంతించదు.

క్రిస్మస్, న్యూ ఇయర్. ఫుకెట్, క్రాబీ బాగుంటాయి కానీ ప్రపంచమంతా అక్కడే ఉంటుంది, రేట్లు డబుల్ అయినా ఆశ్చర్యపోకండి. కో సముయ్ వైపు డిసెంబర్‌లో వానలుంటాయి. బాలీ తడిగా ఉంటుంది.

మారిషస్ అన్నాను కాబట్టి ఒక్క నిమిషం. 19వ శతాబ్దంలో మన తెలుగువాళ్ళు చెరకు తోటల్లో కూలి పనికి అక్కడికి వెళ్ళారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఎక్కినవాళ్ళని ఆ ఊరి పేరుతోనే పిలిచేవాళ్ళు. ఇవాళ్టికీ ఉగాది ఆ దేశంలో పబ్లిక్ హాలిడే. ప్రయాణం దూరం, ఖర్చు ఎక్కువ. కానీ వేరే ఖండం పక్కన ఒక దీవిలో రామాలయం, ఉగాది పచ్చడి కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా తుఫాన్ల కాలం, అది తప్పించండి.

రెండో ఫిల్టర్: ఎవరితో?

ఫ్రెండ్స్‌తో వెళ్తే రాత్రి రెండింటికి ల్యాండైనా పర్లేదు. అమ్మానాన్నలతో అలా కాదు. వాళ్ళ కోసం నేను ఇప్పుడు చూసేవి నాలుగు: ఫ్లైట్ ఎన్ని గంటలు, మధ్యలో మారాలా, మెట్లు ఎన్ని, తిండి ఏంటి.

మెట్లు అని ఎందుకంటున్నానంటే, శ్రీలంకలో సిగిరియా ఫొటోలో చూస్తే ఒక రాయిలా ఉంటుంది. ఎక్కాలంటే దాదాపు 1,200 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అక్కడికి తీసుకెళ్ళి "కింద కూర్చో అమ్మా, మేం చూసొస్తాం" అనడం కన్నా వేరే చోటు పెట్టుకోవడం మర్యాద.

తిండి విషయం. మీ ఇంట్లో శాకాహారులుంటే వియత్నాంలో ఒక మాట నేర్చుకోండి: "ఆన్ చాయ్". మన చాయ్ కాదు, వాళ్ళ భాషలో శాకాహారం తింటాను అని. బోర్డు మీద చాయ్ అని ఉన్న హోటళ్ళు వెతుక్కోండి, లేకపోతే కూరగాయల కూరలో కూడా చేప సాస్ వేస్తారు. థాయిలాండ్‌లో ఆ మాట "జే". పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో కనిపిస్తుంది. శ్రీలంకలో అన్నం, పప్పు, కొబ్బరి కూరలు మన నోటికి దగ్గరగానే ఉంటాయి. కానీ కొబ్బరి సంబల్‌లో ఎండు చేప పొడి కలుపుతారు, అడిగి వేయించుకోండి.

మూడో ఫిల్టర్: మన పాస్‌పోర్ట్‌కి ఏం చెల్లుతుంది?

వీసా రూల్స్ మీద ఒక మాట. ఏ వీడియోలో చెప్పినా, నా వీడియో అయినా సరే, నమ్మి బుక్ చేయకండి. ఉదాహరణకి థాయిలాండ్. 2023 నవంబర్‌లో మనవాళ్ళకి 30 రోజులు వీసా అక్కర్లేదంది. 2024 జులైలో 60 రోజులంది. ఏడాది తిరక్కుండానే రూల్ మారింది. రేపు మళ్ళీ మారొచ్చు. కాబట్టి టికెట్ కొనే రోజు ఆ దేశం ఇమిగ్రేషన్ వాళ్ళ సొంత సైట్ చూడండి.

వియత్నాంకి ఈ-వీసా. 2023 ఆగస్ట్ నుంచి 90 రోజుల వరకూ ఇస్తున్నారు, ఒక్కసారి ఎంట్రీకి 25 డాలర్లు. గూగుల్‌లో పైన వచ్చే సైట్ తెరిస్తే అది ప్రైవేట్ ఏజెంట్‌ది అవ్వచ్చు, రెండు మూడింతలు తీసుకుంటారు. అడ్రస్ చివర జీఓవీ డాట్ వీఎన్ ఉందో లేదో చూడండి. ఇండోనేషియాలో దిగాక వీసా ఇస్తారు, 5 లక్షల రుపయ్యా. భయపడకండి, వాళ్ళ కరెన్సీలో సున్నాలు ఎక్కువ. దాంతోపాటు బాలీలో 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్ట్ ఫీజు 1,50,000 రుపయ్యా వేరే ఉంది. థాయిలాండ్, మలేషియా వెళ్ళేటప్పుడు మూడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపాలి. ఆ రెండూ ఫ్రీ. డబ్బులు అడిగిన సైట్ ఏదైనా దొంగ సైటే.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక ప్రాబ్లమ్ ఉంది. మన పేర్లు. ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట ఒక్క అక్షరంగా రాస్తాం. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. టికెట్, వీసా, పాస్‌పోర్ట్ మూడింటిలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఆధార్ చూసి టైప్ చేయకండి, పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని చేయండి. ప్రయాణం తేదీకి పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి.

ఇంకా ట్రాన్సిట్. చవకగా ఉందని రెండు వేరు వేరు టికెట్లు కలిపి కొంటారు కదా, హైదరాబాద్ నుంచి సింగపూర్ ఒకటి, సింగపూర్ నుంచి బాలీ ఇంకొకటి. అప్పుడు సింగపూర్‌లో బ్యాగ్ తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు. బ్యాగ్ తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. దాటాలంటే వీసా కావాలి. మూడు వేలు మిగిల్చుకుందామని మొదటి ఫ్లైట్ దగ్గరే ఆగిపోయిన వాళ్ళున్నారు. ఒకే బుకింగ్‌లో చివరి ఊరి దాకా బ్యాగ్ వెళ్ళేలా తీసుకోండి.

నాలుగో ఫిల్టర్: డబ్బు

మనం మొదట టికెట్ రేట్ చూస్తాం. అది సగం లెక్కే. మాల్దీవులు తీసుకోండి. మనకి దగ్గర, దిగాక వీసా ఫ్రీ. కానీ మాలే నుంచి రిసార్ట్ దీవికి స్పీడ్‌బోటో సీప్లేనో ఎక్కాలి. దానికి ఒక్కోసారి ఇండియా నుంచి వచ్చిన టికెట్ అంత అవుతుంది. అందుకే చాలామంది మాఫుషీ లాంటి లోకల్ దీవుల్లో గెస్ట్‌హౌస్ తీసుకుంటారు. అక్కడ మందు దొరకదు, బట్టల విషయంలో పద్ధతి పాటించాలి. ఫ్యామిలీకి అది ప్లస్సే.

లెక్క ఇలా వేయండి: టికెట్, ప్లస్ రోజు ఖర్చు ఇంటూ రోజులు, ప్లస్ వీసా, ప్లస్ ఇన్సూరెన్స్, ప్లస్ ఎయిర్‌పోర్ట్ నుంచి రూంకి వెళ్ళే ఖర్చు. మొత్తం మీద పది శాతం పక్కన పెట్టండి. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత పట్టుకుంటారు. అది పోయినట్టు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. రిటర్న్ వేయడం మర్చిపోతేనే పోతుంది.

కార్డ్ గీకినప్పుడు మెషీన్ అడుగుతుంది: రూపాయల్లోనా, లోకల్ కరెన్సీలోనా అని. రూపాయలు చూసి మన ప్రాణం లేచొస్తుంది. నొక్కకండి. ఎప్పుడూ లోకల్ కరెన్సీ. రూపాయల్లో అంటే రేటు ఆ మెషీన్ వాడు వేసుకుంటాడు. శ్రీలంకలో, మారిషస్‌లో 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ నడుస్తోంది. యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. అన్ని షాపుల్లో ఉండదు, కొంత క్యాష్ ఉంచుకోండి.

స్కూటర్ సంగతి సీరియస్‌గా వినండి

నవ్వుకునే విషయాలు అయిపోయాయి. నా ఫ్రెండ్ ఒకడు ఫుకెట్‌లో స్కూటర్ అద్దెకి తీసుకున్నాడు. అద్దెకిచ్చినవాడు లైసెన్స్ అడగలేదు. అడగలేదు కదా, అవసరం లేదేమో అనుకున్నాడు. వంపు దగ్గర ఇసుక మీద జారి కాలు విరిగింది. ఆపరేషన్ అయ్యింది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది, ధైర్యంగానే ఉన్నాడు. క్లెయిమ్ రిజెక్ట్. కారణం: మనవాడి దగ్గర కారు లైసెన్సే ఉంది, బైక్‌ది లేదు, ఇంటర్నేషనల్ పర్మిట్ అసలే లేదు. చెల్లని లైసెన్స్‌తో నడిపితే కవర్ చేయమని పాలసీలో రాసే ఉంది. వాళ్ళ నాన్న ఊళ్ళో అప్పు చేసి పంపించాడు. వాడు ఇప్పుడు మామూలుగా నడుస్తున్నాడు, అప్పు ఇంకా నడుస్తోంది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఇస్తుంది. కానీ మన దేశం ఇచ్చేది 1949 ఒప్పందం ప్రకారం. థాయిలాండ్ దాన్ని ఒప్పుకుంటుంది, అందులో బైక్ కేటగిరీ ఉండాలి. వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం పర్మిట్. అంటే మన పర్మిట్ అక్కడ చెల్లదు. "అందరూ నడుపుతున్నారు కదా" అంటారు. నడుపుతారు. పడే వరకూ ఏమీ కాదు. పడ్డాక ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి కాగితం అదే. ట్యాక్సీ యాప్‌లు చవకే, ఎక్కండి.

అలాగే ఎర్ర జెండా ఉన్న బీచ్‌లో మోకాలి లోతు కూడా దిగకండి. పైకి సముద్రం ప్రశాంతంగా కనిపించినా కింద లాగేసే ప్రవాహం ఉంటుంది. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా దానికి ఎదురీది అలసిపోయి మునిగిపోతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, ప్రవాహం నుంచి బయటపడ్డాక ఒడ్డుకి రావాలి.

మరి మేం ఎక్కడికి వెళ్తున్నాం?

నాన్నకి మోకాలి ఆపరేషన్ చెప్పారు డాక్టర్లు. ఎండాకాలంలో చేయిద్దాం అనుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలు ఎక్కడికీ లేదు. అంటే ఆ లోపు ఒక్క ట్రిప్‌కి టైం ఉంది. ఇది కూడా తప్పితే మళ్ళీ ఎప్పుడో, అసలు అవుతుందో లేదో నాకు తెలియదు. అందుకే ఈసారి ఫిల్టర్లు ఒక్కొక్కటీ పెట్టి చూశాను.

నెల: ఫిబ్రవరి. బాలీ కొట్టేశాను, వాన. ఎవరితో: ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక మోకాలు. ఫుకెట్ దీవుల ట్రిప్ అంటే పడవ ఎక్కి దిగాలి, కొట్టేశాను. ప్రయాణం: హైదరాబాద్ నుంచి కొలంబో రెండు గంటల చిల్లర. తిండి: అన్నం, కొబ్బరి, అమ్మకి ఇబ్బంది లేదు. వాన: నైరుతి తీరం పొడిగా ఉండే నెల. డబ్బు: నా దగ్గర ఇప్పుడు జీతం లేదు, ఈ ఛానల్ వచ్చినంతే. ఐదు రోజులకి సరిపోతుంది. వీసా: ఆన్‌లైన్ ఈటీఏ, ఫీజు రూల్ ఈ వారమే అఫీషియల్ సైట్‌లో చూసి పెట్టుకున్నాను. సిగిరియా లిస్ట్‌లో లేదు. కాండీలో దంతాలయం, గాలె కోట, సముద్రం పక్కనే వెళ్ళే కొలంబో గాలె రైలు. మూడే. రోజుకి ఒక్కటే.

బుక్ చేసే ముందు ఈసారి నాన్న ముందు కూర్చుని మ్యాప్ తెరిచాను. పోయినసారి నేను అసలు చేయనిది ఇదే. వాళ్ళని అడగలేదు. సర్‌ప్రైజ్ అనుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కొలంబో నుంచి గాలె దాకా వేలితో గీసుకుంటూ వెళ్ళాడు. ఎన్ని కిలోమీటర్లు, మధ్యలో ఆగేది ఎక్కడ, రాత్రి ప్రయాణం ఉందా అని అన్నీ అడిగాడు. ముప్పై ఏళ్ళు ఆయన చేసిన పని అదే కదా. చివరికి, "వీళ్ళు మనలాగే ఎడమ పక్క నడుపుతారు కదా?" అన్నాడు. అవును నాన్నా అన్నాను. "అయితే తియ్యి బండి" అన్నాడు.

అమ్మ మాత్రం గొడుగు బ్యాగ్‌లో పెట్టేసింది. నన్ను నమ్మట్లేదు. కరెక్టే, నమ్మకం మళ్ళీ సంపాదించుకోవాలి.

సరే, ఇప్పుడు మీ వంతు. కామెంట్‌లో మూడే రాయండి: ఏ నెల, ఎవరితో, ఎంత బడ్జెట్. దేశం పేరు రాయకండి, అది చివర్లో అదే వస్తుంది. ఎక్కువమందికి ఉపయోగపడే కాంబినేషన్లు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో లెక్కలతో సహా చేద్దాం. అమ్మానాన్నలని తీసుకెళ్దామనుకునే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇది వాళ్ళకి ఈ రోజే పంపండి, వాళ్ళు పేమెంట్ కొట్టేలోపు.

ఉంటాను మరి. నెల చూడండి, రూట్ చూడండి, ఆ తర్వాతే బండి తీయండి.